తవుడుకు అమ్మిన బిడ్డ

రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో నేను రోజూ అడిగే ప్రశ్నలు కష్టమైనవేమీ కావు. పేరు, వయసు, ఊరు, తండ్రి పేరో భర్త పేరో, ఫోన్ నంబరు. చిన్నపిల్లలైతే తల్లి పేరు. ఎవరైనా చెప్పగలిగిన జవాబులే. అయినా మా బళ్లారిలో ఒక్కోసారి ఆ జవాబులు రావడానికి చాలాసేపు పడుతుంది. భర్త పేరు నోటితో చెప్పని ఆడవాళ్లు పక్కనున్న కూతురిని గిల్లి దానిచేత చెప్పిస్తారు. వయసు అడిగితే ముసలాళ్లు, కాలువకు మొదటిసారి నీళ్లు వదిలిన ఏడు పుట్టినామంటారు. కన్నడలో అడిగితే తెలుగులో చెప్తారు, తెలుగులో అడిగితే కన్నడలో చెప్తారు. నాకు ఇదంతా అలవాటే. మా ఇంట్లోనూ ఇంతే.

మాది హగరి దగ్గర పల్లె. అమ్మా నాన్నా మిరప చేలకు, పత్తి చేలకు కూలికి పోతారు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేనే. బీకాం అయ్యాక ఈ ఆస్పత్రిలో చేరాను. ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు మా నాన్న ఊరంతా తిరిగి, "మా గౌతమి డాక్టర్ల పక్కన కూసుంటాది" అని చెప్పుకొచ్చాడు. నిజానికి నేను కూర్చునేది కొట్రేశ్ సార్ పక్కన. ఆయన మా అడ్మిషన్ల విభాగం ఇన్‌చార్జి. నియమం నియమమే అనే మనిషి. కోపం తక్కువ, అనుమానం ఎక్కువ. ఆస్పత్రిలో అలాంటి మనిషి ఉండటం మంచిదేనని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రోజు పొద్దున ఓపీ రద్దీ అప్పుడే మొదలైంది. ఇద్దరు ఆడవాళ్లు మూడేళ్ల పాపను ఎత్తుకొని ఆటో దిగి పరుగున లోపలికి వచ్చారు. పాప దగ్గుతోంది. దగ్గు మధ్యలో ఊపిరి తీసుకుంటే సన్నగా ఈల వేసినట్టు వినపడుతోంది. ఏడవాలని నోరు తెరుస్తోంది గానీ ఏడుపు బయటికి రావడం లేదు. క్యాజువాలిటీ నర్సు పాపను అందుకొని లోపలికి తీసుకుపోయింది. ముందు వైద్యం, తర్వాత వివరాలు, అది మా ఆస్పత్రి పద్ధతి. వివరాల కోసం ఆడవాళ్లిద్దరినీ నా కౌంటర్‌కు పంపారు.

ముందు వచ్చింది పెద్దావిడ. యాభై దాటి ఉంటాయి. పొడగరి, నుదుట రూపాయంత కుంకుమ, చీర కుచ్చిళ్లకు వేరుశనగ పొట్టు అంటుకొని ఉంది. రెండో ఆమెది చిన్న వయసు. కౌంటర్ దగ్గరికి రాకుండా స్తంభానికి ఆనుకొని, కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది.

"పాప పేరేంది?" అన్నాను.

"పాపి."

"బళ్లో రాపించే పేరు చెప్పమ్మా."

"బళ్లో కూడా అదే రాపిస్తాం మేడమ్. మంచి పేరు పెడితే దేవుడి కన్ను పడ్తాది. పాపి అంటే ఆయనకూ అక్కర్లేకుండా పోతాది."

నేను 'పాపి' అని కొట్టాను. "ఊరు?"

"కురుగోడు పక్కన."

"తల్లి పేరు?"

"ఉచ్చెంగమ్మ. నేనే."

ఆ వయసుకు మూడేళ్ల పాప ఏమిటా అనుకున్నాను. అయినా అడగలేదు. "తండ్రి పేరు?"

"భీమేష్."

"మీ ఇంటాయనా?"

"అయ్యో, మా ఇంటాయన పోయి శానా దినాలాయ. భీమేష్ అదో, ఆ పిల్ల మొగుడు. హంపమ్మ మొగుడు." ఆమె స్తంభం వైపు చూపించింది.

క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. పక్క సీట్లో కొట్రేశ్ సార్ కీబోర్డు ఆపి తల తిప్పాడు.

"పాపకు అమ్మ మీరు, నాయన ఆమె భర్తా? అదెట్లమ్మా?"

"ఎట్లంటే ఏం చెప్పేది మేడమ్? హంపమ్మ నాకు అమ్మింది, నేను కొనుక్కున్నా. చాటెడు తవుడిచ్చినా. ఊరందరి ముందరే ఇచ్చినా, దొంగతనంగా కాదు."

"ఏను? మగూన కొండ్కొండ్రా?" కొట్రేశ్ సార్ లేచి నిలబడ్డాడు. బిడ్డను కొన్నారా అని ఆయన అడిగింది నిదానంగానే. కానీ క్యూలో నవ్వు ఆగిపోయింది.

అసలు సంగతి నాకు అప్పటికే అర్థమైంది. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, మా వైపు తరువాత పుట్టిన బిడ్డను చాటలో పెట్టి, గడప మీదుగా ఇంకొకరికి ఇచ్చి, బదులుగా తవుడు తీసుకుంటారు. అప్పటి నుంచి ఆ బిడ్డ కొన్నవాళ్లది. ఉండేది, తినేది కన్నవాళ్ల ఇంట్లోనే. పాలిచ్చేది కన్నతల్లే. కానీ నాది అనకూడదు. అన్నారంటే ముందు పిల్లల్ని తీసుకుపోయిన చావు దీన్నీ గుర్తుపడుతుందని భయం. మా నాన్న పేరు తిప్పన్న. పుట్టిన రోజునే ఆయన్ని ఊరి చివర చెత్త తిప్ప మీద పడుకోబెట్టి, వేరే ఇంటావిడ చేత ఎత్తించుకొచ్చారట. అందుకే ఆ పేరు.

కొట్రేశ్ సార్ మెల్లగా స్తంభం దగ్గరికి పోయాడు. "యమ్మా, నీ పేరు హంపమ్మ కదా? నువ్వు చెప్పు. పాప నీ బిడ్డా?"

హంపమ్మ కొంగు తీయకుండానే తల అడ్డంగా ఊపింది. "కాదు సార్. ఆయమ్మ బిడ్డ." ఆ మాట అంటూ ఉంటే కళ్ల నీళ్లు చెంపల మీదుగా గడ్డం దాకా జారాయి.

"మీ ఇంటాయన నంబరు ఇయ్యి."

భీమేష్ సింధనూరు వైపు వరికోత మిషను మీద పనికి పోయాడు. సార్ స్పీకర్ పెట్టి మాట్లాడాడు. వెనక మిషను మోత.

"భీమేషప్పా, బళ్లారి ఆస్పత్రి నుంచి మాట్లాడ్తాండా. మీ పాప ఈడ ఉండాది."

"మా పాపనా? మాకు పాప యాడుందప్పా? అది ఉచ్చెంగమ్మ పాప." అంతలోనే మోత ఆగింది. మిషను దిగినట్టున్నాడు. "ఏమయింది సార్ దానికి? చెప్పప్పా! శెనక్కాయ నోట్లో పెట్టుకునిందని పొద్దున అంటాండ్రి. ఊపిరాడతాందా? సార్? నేను వస్తాండా, బస్సు ఎక్కతాండా!"

ఫోన్ పెట్టేశాక సార్ నా వైపు చూశాడు. "ముగ్గురు మనుషులు. కన్నవాళ్లు మాది కాదంటాండారు. కనని మనిషి నాది అంటాంది, కొన్నానంటాంది. గౌతమీ, ఇది మన చేతిలో లేదు. సెక్యూరిటీని వాకిలి దగ్గర నిలబెట్టు. నేను పిల్లల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తా."

"సార్, ఇది మా వైపు ఆచారం. మా నాన్న పేరు తిప్పన్న ఎందుకయిందంటే..."

ఆయన పూర్తిగా విన్నాడు. మధ్యలో ఆపలేదు. విన్నాక అన్నాడు: "నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. కానీ రేపు బిడ్డల్ని ఎత్తుకుపోయేవాళ్లు కూడా ఇదే కథ నేర్చుకొని వస్తే? మా వాళ్లే, మా ఆచారమే అని పంపించేస్తావా?"

ఆయన అన్నది సరైన మాట. నాకు తెలిసినట్టు ఉందని నేను నమ్మడం వేరు, ఆస్పత్రి నమ్మడం వేరు. ఆ పాప బాగు కోరేవాళ్లెవరైనా అడగాల్సిన ప్రశ్నే అది.

"ఫోన్ చేయండి సార్, వద్దనను. కానీ అంతకుముందు వాళ్ల ఊరి ఆశా కార్యకర్తను అడుగుదాం. ఆమెకు తెలియకుండా ఊర్లో ఏ బిడ్డా పుట్టదు."

ఆయన గడియారం వైపు చూశాడు. "బేగ మాడు," అన్నాడు. త్వరగా కానిమ్మని.

హంపమ్మ ఫోన్‌లో నంబరు ఉంది. ఆశా కార్యకర్త పేరు నేత్రావతి. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నానో చెప్పాను, ఏం జరిగిందో చెప్పలేదు. స్పీకర్ పెట్టి ఒక్కటే అడిగాను. "అక్కా, మీ ఊర్లో హంపమ్మకు, భీమేష్ భార్యకు, పిల్లలెంతమంది?"

"ఎందుకు మేడమ్? ఎవురు అడగమన్నారు?"

"ఆస్పత్రి పని అక్కా. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"నా రికార్డులో ఐతే ఒకటి. ఊర్లో ఐతే ఏమీ లేరు."

కొట్రేశ్ సార్ నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడో దగ్గుతున్నాడో తెలియలేదు.

"అదెట్లక్కా?"

"కాన్పుకు నేనే ఆటోలో తీసకపోయినా కురుగోడుకు. దోవలోనే పుడ్తాదేమో అని నా పానం పోయింది. బిడ్డ పుట్టినాక పురుడు దినం ఉచ్చెంగమ్మకు అమ్మేసినారు. నేను పోయి ఒబ్బట్లు తినొచ్చినా. ఆ పాపికేమన్నా అయిందా మేడమ్? మాటాడవేంది?"

చెప్పాను. ఆమె వెంటనే తన దగ్గరున్న తాయి కార్డు ఫోటో తీసి పంపింది. తల్లీబిడ్డల వైద్యం రాసే కార్డు అది. మీద హంపమ్మ ఫోటో. సార్ ఆ ఫోటో చూసి, స్తంభం దగ్గరి మనిషిని చూసి, మళ్లీ ఫోటో చూశాడు. తర్వాత సెక్యూరిటీ ఆయనకు పోయి కూర్చోమని సైగ చేశాడు.

"ఒకటి తీరింది," అన్నాడు నాతో.

తీరనిది అప్పుడే లోపలి నుంచి వచ్చింది. డాక్టర్ యశస్విని ఎక్స్‌రే పట్టుకొని నడవాలోకి వచ్చారు. చిన్నపిల్లల సర్జన్ ఆమె. గబగబా నడుస్తారు గానీ మాట మాత్రం తొందరపడరు.

"గ్రౌండ్‌నట్ గింజ కుడివైపు ఊపిరి గొట్టంలో ఇరుక్కుంది. అటువైపు గాలి సరిగా పోవడం లేదు. నానేకొద్దీ ఉబ్బుతుంది. మత్తు ఇచ్చి గొట్టం వేసి తీయాలి, ఇప్పుడే. సహి చేసే తల్లి ఎవరు?"

"నేనే," అని ఉచ్చెంగమ్మ ముందుకొచ్చింది.

"పాపకు ఇంతకుముందు ఏమైనా జబ్బు చేసిందా? ఫిట్స్ వచ్చాయా? ఇంట్లో వేరే పిల్లలకు?"

"మా పిల్లోళ్లకా? రాళ్లు తిన్నా అరాయించుకుంటారు తల్లీ. నలుగురు. ఒక్కనికీ తలనొప్పి కూడా రాల్యా."

డాక్టర్ రాసుకోబోయారు. నేను కౌంటర్ తలుపు తీసుకొని బయటికి వచ్చేశాను. "డాక్టర్, అది రాయకండి. ఆమె కన్న పిల్లల సంగతి అది. ఈ పాపను కన్నది ఆమె కాదు." సంగతి రెండు మాటల్లో చెప్పాను.

ఆమె పెన్ను ఆపారు. "మంచిదైంది చెప్పావు. గౌతమీ, ఊపిరి తగ్గితే నేను ఎవరి సహి కోసమూ ఆగను, పాపను లోపలికి తీసుకుపోతాను. కానీ ఆ పరిస్థితి రాకముందే కన్నతల్లి నోటితో నాకు వివరాలు కావాలి. లేకుంటే చీకట్లో మత్తు ఇచ్చినట్టే. నువ్వు మాట్లాడించగలవా?"

అవునని చెప్పాను. చెప్పాక భయం వేసింది.

హంపమ్మ పక్కన నిలబడి చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. "హంపమ్మా, ఇందులో దాపరికం ఏమీ లేదు. నేత్రావతి అక్క అంతా చెప్పేసింది. నా బిడ్డే అని ఒక్క మాట..."

ఆమె తన అరచేయి నా నోటికి అడ్డం పెట్టేసింది. గట్టిగా పెట్టింది.

"అనద్దక్కా! ఆ మాట అనద్దు. ఇద్దరు పోయినారు. ఇద్దర్నీ నా బిడ్డ నా బిడ్డ అని ఊరంతా చెప్పుకుంటి. ఐదేండ్లు నిండేదాకా ఇది నాది కాదు. ఇప్పుడు లోపల ఊపిరాడక ఉండే టైములో, నాది అని నా నోటితో నేను చెప్పాల్నా? అంటే పోతాది. నాకు తెల్సు."

ఆమె వెనక గోడ మీద పోస్టరు ఉంది, మూఢనమ్మకాలు వద్దు, ఆస్పత్రికి రండి అని. ఆమె ఆస్పత్రికి వచ్చే ఉంది. ఇంకేం చెప్పను? చదువుకున్నదానిగా నేను చెప్పగలిగినవన్నీ నోటిదాకా వచ్చాయి. కానీ ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి ముందు ఒక్కటీ బయటికి రాలేదు. సహి చేయకపోతే ఏమవుతుందో చెప్పబోయాను. అదీ మానుకున్నాను. బెదిరిస్తే ఇంకా బిగుసుకుపోతుంది.

లోపలి నుంచి ఆ ఈల లాంటి ఊపిరి వినపడుతోంది. డాక్టర్ నడవాలోనే నిలబడి ఉన్నారు. నన్ను తొందర పెట్టలేదు. కానీ కళ్లు తలుపు మీదే ఉన్నాయి.

మా అవ్వ ఎలా మాట్లాడేదా అని ఆలోచించాను. కొడుకులెంతమంది అని ఎవరైనా అడిగితే మా అవ్వ మా నాన్నను వదిలేసి లెక్క చెప్పేది. చనిపోయేదాకా అంతే. కానీ అదే అవ్వను తిప్పన్న ఎప్పుడు పుట్టినాడు అని అడిగితే చాలు, వాన, గుడిసె, మంత్రసాని పేరు, తాను అరిచిన అరుపులు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పుకుంటూ పోయేది. ఇచ్చేసింది బిడ్డను. కన్నానన్న మాటను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఆ సంగతి చెప్పడానికి ఆమెకు ఏ అడ్డూ ఉండేది కాదు.

నేను తప్పు ప్రశ్న అడుగుతున్నాను. మా కంప్యూటరు అడిగే ప్రశ్న అడుగుతున్నాను.

"సరే హంపమ్మా," అన్నాను. "పాపి ఉచ్చెంగమ్మ బిడ్డే. కాదని ఎవరూ అనరు. నేనూ అనను. నాకు ఇంకొకటి చెప్పు. పాపిని కనింది ఎవరు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది నన్ను. కొంగు నోట్లో నుంచి తీసింది.

"కనింది నేనే కదక్కా. నేను కాకపోతే ఎవురు కంటారు?"

"యాడ కన్నావు?"

"కురుగోడు ఆస్పత్రిలో. పొద్దున నొప్పులెత్తుకుంటే పొద్దు మునిగేటప్పుడు పుట్టింది. కాళ్లు ముందరొచ్చినాయి. నర్సమ్మ నన్ను కొట్టింది గూడా, అరవద్దని."

"అవునవును," అంది ఉచ్చెంగమ్మ అవతల నుంచి. "కనింది అదే. నాకేమన్నా కనే వయసా?"

క్యూలో మళ్లీ నవ్వులు వచ్చాయి. ఈసారి హంపమ్మ ముఖంలో కూడా ఏదో సడలింది.

డాక్టర్ పక్కకు వచ్చి నిలబడ్డారు. నేను ఆమె ప్రశ్నల్ని మా ఇళ్లలో అడిగినట్టు అడిగాను. నువ్వు కన్న మొదటి బిడ్డకు ఏమయింది? జ్వరం వచ్చి, వంకర్లు పోయి, మళ్లీ లేవలేదు. రెండోదానికి? పుట్టిన కొన్నాళ్లకే పసిరికలు. మరి పాపికి జ్వరం వస్తే?

"జ్వరమొస్తే ఇదీ కండ్లు తేలేస్తాదక్కా. కాళ్లూ చేతులూ కొట్టుకుంటాది. పోయిన ఎండాకాలం ఒగసారి, మొన్న దీపావళికి ఒగసారి. ఎవురికీ చెప్పల్యా. చెప్తే మళ్లా అదే వచ్చిందంటారని."

డాక్టర్ పెన్ను గబగబా కదిలింది. అక్కడి నుంచే మత్తు డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పారు. పెట్టేశాక నాతో అన్నారు: "నాకు కావాల్సింది ఈ మాటే. ఆ పెద్దావిడ మాట మీద పోయి ఉంటే ఇది తెలిసేది కాదు. సహి తీసుకో."

మా అనుమతి పత్రం కన్నడలో ఉంటుంది. కన్నడ చదవలేనివాళ్లకు తెలుగులో చదివి వినిపించి, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో కింద చేతితో రాసి సహి తీసుకుంటాం. కొత్తగా నేను కనిపెట్టిందేమీ కాదు, రోజూ చేసేదే. అంతా చదివి వినిపించాను. ఏం చేస్తారో, ఏం జరగవచ్చో, ఏదీ దాచలేదు. చివరికి సహి దగ్గర 'తల్లి' అన్న మాట చదివేసరికి హంపమ్మ పెన్ను గాల్లోనే ఆగిపోయింది.

"ఆగు," అన్నాను. ఆ కింద ఖాళీలో రాశాను. రాస్తూ పైకి చదివాను. "పాపిని కనిన నేను, హంపమ్మ, భీమేష్ భార్య, డాక్టర్ చెప్పినదంతా విన్నాను. గింజ తీయడానికి ఒప్పుకుంటున్నాను."

కొట్రేశ్ సార్ వైపు చూశాను. నియమాల మనిషి ఆయన. కాగితం తీసుకొని నెమ్మదిగా చదివాడు.

"కనిన మనిషి కన్నా తల్లి ఇంకెవరుంటారు?" అన్నాడు. "సరిపోతాది. సాక్షిగా నేనూ సహి చేస్తా."

అయినా హంపమ్మ చేయలేదు. ఉచ్చెంగమ్మ వైపు చూసింది. బిడ్డ ఆమెది కదా.

ఉచ్చెంగమ్మ కుచ్చిళ్లు దోపుకొని నిటారుగా నిలబడింది. "ఏంది చూస్తావ్? నా బిడ్డకు ఆపరేషన్ చేయించమని నేనే చెప్తాండా. కన్నదానివి నువ్వు, నువ్వు సహి చెయ్. రేపు ఎవురొచ్చి అడిగినా నేను జవాబు చెప్తా. పైనుండే ఆయన దిగొచ్చినా నాతోనే మాట్లాడల్ల, తవుడిచ్చింది నేను!"

హంపమ్మ సహి చేసింది. ఒక్కో అక్షరం విడివిడిగా, పెన్ను కాగితంలోకి దిగిపోయేలా రాసింది. ఆఖరి అక్షరం పూర్తికాకముందే డాక్టర్ లోపలికి సగం దూరం వెళ్లిపోయారు.

నేను నా సీట్లోకి వచ్చి ఆపేసిన రిజిస్ట్రేషన్ పూర్తిచేశాను. సార్ పక్కన నిలబడి చూస్తున్నాడు. తల్లి, హంపమ్మ. తండ్రి, భీమేష్. పక్కన ఉండే మనిషి, ఉచ్చెంగమ్మ. అక్కడ కంప్యూటరు ఆగి, పేషెంటుకు ఆమె ఏమవుతుందో చెప్పమంది. అవ్వ, అత్త, పిన్నమ్మ అని వరుసగా చూపిస్తోంది.

"ఏమవుతావమ్మా పాపికి?" అని సార్ అడిగాడు.

"ఓనరని రాయప్పా."

ఆ నవ్వు ఓపీ దాకా పాకింది. రక్తపరీక్ష కోసం చెయ్యి చాపి ఉన్న ఒకాయన కూడా నవ్వాడు. సార్ తానే వంగి 'ఇతరులు' అని నొక్కాడు. నొక్కుతూ కూడా నవ్వుతూనే ఉన్నాడు.

తర్వాత ఎదురుచూడటం. నాకు క్యూ ఉంది. కౌల్ బజార్ నుంచి చెయ్యి విరిగిన దర్జీ, షుగరు ముదిరిన టీచరమ్మ, తేలు కుట్టిన కూలీ మనిషి. పేరు, వయసు, ఊరు. అడుగుతున్నాను, రాస్తున్నాను, చెవులు మాత్రం ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గరే ఉన్నాయి. హంపమ్మ ఆ తలుపుకు ఎదురుగా నేల మీద కూర్చుంది. ఉచ్చెంగమ్మ ఆమె తల తన మోకాలికి ఆనించుకొని, దేవుడితో పోట్లాడుతున్నట్టు గొణుగుతూ ఉంది.

మధ్యలో భీమేష్ ఫోన్ చేశాడు, బస్సులోంచి. సార్ ఎత్తాడు.

"సార్, ఉచ్చెంగమ్మ పాప ఎట్లుండాది?"

"ఉచ్చెంగమ్మ పాప లోపల ఉండాది భీమేషప్పా. మంచి డాక్టర్లు ఉండారు. నువ్వు గాబరా పడొద్దు, కూసోని రా." ఫోన్ పెట్టేసి, నేను చూస్తున్నది గమనించి, "ఏంది చూస్తావ్? నీ క్యూ చూడు," అన్నాడు.

తలుపు తెరుచుకుంది. డాక్టర్ యశస్విని మాస్కు కిందికి లాగి, చేతిలోని చిన్న సీసా పైకి ఎత్తి చూపించారు. అడుగున సగం వేరుశనగ గింజ. నాని, తెల్లబడి, ఉబ్బి ఉంది.

"వచ్చేసింది. గాలి రెండు వైపులా పోతోంది. మత్తులో ఫిట్స్ రాకుండా ముందే మందు ఇచ్చాం. పాప బాగుంది."

హంపమ్మ లేచి నిలబడి డాక్టర్‌కు దండం పెట్టింది. ఉచ్చెంగమ్మ సీసా అందుకొని వెలుతురుకు పెట్టి చూసింది.

"ఇంత దానికా మమ్మల్ని ఇంత ఏడిపించింది! దీని పాడుగాను. మా చేన్లోదే ఇది, మేం చల్లిన విత్తనమే!"

కాసేపటికి లోపలి నుంచి నర్సు వచ్చింది, చిరాకుగా. "పాపి వాళ్ల అక్క ఎవరండీ? మెలకువ వచ్చినప్పటి నుంచి అక్కా అక్కా అంటోంది. చిన్నపిల్లల్ని లోపలికి పంపకూడదు, ముందే చెప్తున్నా. ఎంత వయసు ఆ అక్కకు?"

సార్‌కు, డాక్టర్‌కు అర్థం కాలేదు. నాకు మాత్రం తెలుసు. మా నాన్న కూడా మా అవ్వను చివరిదాకా అక్కా అనే పిలిచాడు. అమ్ముకున్న ఇళ్లలో కన్నతల్లికి దక్కే పిలుపు అదే.

"ఈమే సిస్టర్ ఆ అక్క," అన్నాను హంపమ్మను చూపించి. "పంపండి. చిన్నపిల్ల కాదు."

ఉచ్చెంగమ్మ హంపమ్మను వీపు మీద ఒక్క తోపు తోసింది. "పోవే, పిలుస్తాంది." హంపమ్మ చెప్పులు వదిలేసి పరుగెత్తింది. తలుపు మూసుకుంది.

ఆ వెంటనే వచ్చింది ఏడుపు. పొద్దున నోరు తెరిచినా రాని ఏడుపు. గొంతు నిండా, రొమ్ము నిండా గాలి నింపుకొని, తననెందుకు ఒక్కదాన్నే వదిలిపెట్టారని ఆస్పత్రినంతా తిడుతున్నట్టు ఏడ్చింది పాపి. థియేటర్ తలుపు దాటి, నడవా దాటి, ఓపీ బెంచీలు దాటి మా కౌంటర్ అద్దం మీద పడింది ఆ ఏడుపు. కాగితాలు రాసుకుంటున్న డాక్టర్ తల ఎత్తకుండానే, "ఇంక ఎక్స్‌రే అక్కర్లేదు," అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి. తుడుచుకోలేదు. సంతోషంగా ఉంటే తుడుచుకోవడం దేనికి?

క్యూలో నా ముందు నిలబడ్డ పెద్దాయన చెవి మూసుకున్నాడు. "ఏం గొంతప్పా! ఎవురి బిడ్డ అది?"

నేను నోరు తెరిచేలోపే కొట్రేశ్ సార్ జవాబు చెప్పాడు. కంప్యూటరు మీది నుంచి కళ్లు తిప్పకుండా, ముఖంలో ఏ మార్పూ లేకుండా, ఉచ్చెంగమ్మ వైపు వేలు చూపించి, ఆస్పత్రి అంతటికీ వినపడేంత గట్టిగా చెప్పాడు.

"ఆయమ్మ బిడ్డ."